సరుకు వెళ్లింది, సొమ్ము రాలేదు

(హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల యజమానుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. బాలానగర్ నుంచి, జీడిమెట్ల నుంచి, చర్లపల్లి నుంచి పని రోజున షెడ్డు వదిలి వచ్చారు, కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. చిన్న వ్యాపారులకు ఎదురయ్యే ఆచరణ సమస్యలు, చట్ట సమస్యలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. అందులో లేనిదేముంది? ట్రేడ్ లైసెన్సు ఉంది, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉంది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయి, జీఎస్‌టీ నోటీసులు ఉన్నాయి, షెడ్డు అద్దె తగాదాలు ఉన్నాయి. ఒక్కోదానికి అయిదేసి నిమిషాలు ఇచ్చి అన్నీ ముట్టుకుంటే మీకు ఏదీ మిగలదు. అందుకని ఒక్కదాని గురించే మాట్లాడతాను. సరుకు పంపారు, బిల్లు ఇచ్చారు, డబ్బు రాలేదు. ఈ ఒక్కటే.

ఎందుకు ఈ ఒక్కటే అంటారా? నా దగ్గరికి జీఎస్‌టీ నోటీసు పట్టుకుని వచ్చే యజమానిని కూర్చోబెట్టి, పన్ను ఎందుకు కట్టలేదండీ అని అడిగితే, చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: ఫలానా కంపెనీ నుంచి రావాల్సింది రాలేదు సార్. పీఎఫ్ ఎందుకు కట్టలేదు? అదే జవాబు. బ్యాంకు వాయిదా ఎందుకు తప్పింది? అదే జవాబు. నోటీసు ఆఖరి మెట్టు. మొదటి మెట్టు రాని బిల్లు.

ఒక్క లెక్క చూడండి. మీరు అయిదు లక్షల రూపాయల సరుకు పంపారు. దాని మీద 18 శాతం జీఎస్‌టీ అంటే 90 వేలు. నెలనెలా రిటర్ను వేసేవారైతే ఆ 90 వేలూ తర్వాతి నెల 20వ తేదీకి లెక్కలోకి రావాలి. మీరు కొన్న ముడిసరుకు మీద కట్టిన పన్ను అందులోంచి తీసేసినా, మిగిలినది మీ జేబులోంచే పోవాలి. కొన్నవాడు మీకు పైసా ఇచ్చాడా లేదా అని ప్రభుత్వం అడగదు. పన్ను బిల్లు మీద పడుతుంది, వసూలు మీద కాదు. ఆ కొన్నవాడు దివాలా తీసి మీ బాకీ పూర్తిగా ఎగిరిపోయినా, మీరు కట్టిన జీఎస్‌టీ తిరిగి ఇచ్చే ఏర్పాటు మన చట్టంలో లేదు. అంటే ఏమిటి? సరుకూ మీదే పోయింది, పన్నూ మీరే కట్టారు, ఆ పన్నును తన ఖాతాలో ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన పన్నులోంచి తీసేసుకునే మొత్తంగా, వాడుకున్నది మాత్రం అవతలివాడు.

ఇక్కడ చాలామంది గమనించని మాట ఒకటుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల లోపు మీకు డబ్బు చెల్లించకపోతే, ఆ కొన్నవాడు తాను తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. మీకు డబ్బిచ్చాక మళ్లీ తీసుకోవచ్చు. మీరు రాసే గుర్తుచేసే లేఖలో ఈ వాక్యం ఒకటి చేర్చండి. లేఖను కొనుగోలు విభాగానికి కాదు, ఎకౌంట్సు విభాగానికి పంపండి. కొనుగోలు విభాగంవాడికి మీరు పదిమంది సరఫరాదారుల్లో ఒకరు. ఎకౌంట్సువాడికి మీరు ఆడిట్‌లో రాబోయే ప్రశ్న.

సరే, అసలు చట్టానికి వస్తాను. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. అందులో 15వ సెక్షన్ ఏం చెబుతోంది? కొన్నవాడికి, మీకు మధ్య రాతపూర్వక ఒప్పందం ఉంటే ఆ ఒప్పందంలోని తేదీ లోపు డబ్బివ్వాలి. ఆ తేదీ కూడా సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. మరి మీ పర్చేజ్ ఆర్డర్ల మీద ఏముంటుంది? 90 రోజులు. కొందరివి 120 రోజులు. దానికి మీరు సంతకం పెట్టినా సరే, చట్టం ముందు 45 రోజులకు మించిన గడువు చెల్లదు. మళ్లీ చెబుతున్నాను: మీరు సంతకం పెట్టినా సరే.

గడువు దాటితే వడ్డీ. మామూలు వడ్డీ కాదు. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుందాం. మూడు రెట్లంటే 18 శాతం. అయిదు లక్షల మీద ఏడాది ఆలస్యమైతే వడ్డీయే సుమారు 97,800 రూపాయలు అవుతుంది. ఆ కట్టిన వడ్డీని కొన్నవాడు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి కూడా వీల్లేదు. ఇంత గట్టి చట్టం ఉండగా డబ్బెందుకు రావడం లేదని మీరు అడగాలి. అడగండి.

ఎందుకంటే ఈ చట్టంలోని ప్రతి గడువూ ఒక తేదీ నుంచి మొదలవుతుంది, ఆ తేదీని నిరూపించే కాగితం మన దగ్గర ఉండదు. ఒక లేత్ పనిచేసే యజమాని ఫైలు చూశాను; పేరు వద్దు, ఆయనకు బాకీపడిన కంపెనీ పేరూ వద్దు. షాఫ్టులు, బుష్‌లు తయారుచేసి ఇస్తాడు, పని మీద వంక పెట్టడానికి లేదు. ఫైలులో ఇన్‌వాయిస్ కాపీలన్నీ ఉన్నాయి. అన్నీ తన కంప్యూటర్‌లోంచి తీసినవి. వాటి మీద అవతలి గేటు ముద్ర లేదు. డెలివరీ చలానాలు ఏవండీ అంటే, ఆటోవాడు తెచ్చిస్తాడు కానీ దాచలేదు సార్ అన్నాడు. దొరికిన మూడు చలానాల్లో ఒకదాని మీద సెక్యూరిటీ గార్డు సంతకం ఉంది, తేదీ లేదు. రెండోదాని మీద తేదీ ఉంది, నూనె మరకలో సంఖ్య కలిసిపోయింది. మూడోదాని మీద ఎర్ర సిరాతో "క్వాలిటీకి లోబడి" అని రాసి ఉంది. ఈ-వే బిల్లు ఉంది కదా సార్ అన్నాడు. ఈ-వే బిల్లు సరుకు బయలుదేరిందని చెబుతుంది, అవతలివాడు పుచ్చుకున్నాడని చెప్పదు.

ఆ ఎర్ర సిరా గురించి కాస్త ఆగి చెప్పాలి. ఏడాది తర్వాత లీగల్ నోటీసు పంపితే కంపెనీవాళ్లు ఏమని జవాబిస్తారు? సరుకు నాసిరకం, మేం అప్పుడే చెప్పాం అంటారు. నోటితో చెప్పాం అంటారు. చట్టం దీన్ని ముందే ఊహించింది. సరుకు అందిన 15 రోజుల లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. కాబట్టి అందిన రోజు ఏదో మీరు చూపగలిగితే, 15 రోజుల్లో రాసిన అభ్యంతరం తెచ్చి చూపించమని మీరు వాళ్లను నిలదీయవచ్చు. అందిన రోజే చూపలేకపోతే? ఈ వాదన మొదలే కాదు. కంపెనీ స్టోర్సువాళ్లు రాసుకునే సరుకు రసీదు ఉంటుంది చూడండి, జీఆర్‌ఎన్ అంటారు, దాని నకలు అడిగి తెచ్చుకోండి. ఇవ్వకపోతే అదే రోజు ఒక ఈమెయిల్ పెట్టండి: ఫలానా ఆర్డరు మీద ఫలానా సంఖ్యలో సరుకు ఈరోజు మీ స్టోర్సుకు అందింది, బిల్లు జతచేశాను. రెండు వాక్యాలు. ఇంగ్లీషు బాగా రాదు సార్ అనవద్దు. వచ్చిన ఇంగ్లీషుతోనే రాయండి.

వాట్సాప్ చాలదా అని ముందు వరుసలో అడుగుతున్నారు. చెల్లుతుంది, కానీ షరతు ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. పాత చట్టంలో 65బి అనేవారు. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే అవతలి వకీలు లేస్తాడు. ఫోను మార్చేటప్పుడు పాత ఫోను అమ్మేసి, చాట్ పోయింది సార్ అనేవాళ్లు కూడా ఉన్నారు. బాకీ ఉన్నంతకాలం ఆ ఫోను అమ్మకండి.

ఇప్పుడు ఉద్యమ్ నమోదు సంగతి, అంటే మీది సూక్ష్మ, చిన్న సంస్థ అని ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు. 2020 జూలై 1 నుంచి ఇది ఆన్‌లైన్‌లో ఉంది, ఆధార్, పాన్ కావాలి, రుసుము లేదు. ఎవరికైనా వేల రూపాయలు ఇచ్చి చేయించుకున్నామని మీలో ఎవరైనా అంటే, ఆ డబ్బు ప్రభుత్వానికి వెళ్లలేదని గ్రహించండి. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెంచారు: యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ, పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటకపోతే చిన్న సంస్థ. ఆలస్య చెల్లింపుల రక్షణ ఈ రెండింటికే ఉంది, మధ్యతరహా సంస్థకు లేదు. ఉత్పత్తి చేసేవారికి ఉంది, సేవలు అందించేవారికి ఉంది. మరి కొని అమ్మే దుకాణదారుడికి? 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులను కూడా ఉద్యమ్‌లో నమోదు చేసుకోనిచ్చారు, కానీ బ్యాంకు ప్రాధాన్య రుణాల కోసం మాత్రమే. సర్టిఫికెట్టు గోడకు తగిలించుకుని 45 రోజుల గడువు తమకూ ఉందనుకునే హార్డ్‌వేర్ వ్యాపారులు నాకు చాలామంది తెలుసు. ఇది వారికి అన్యాయమని నా అభిప్రాయం. అరువు మీద నడిచే వ్యాపారం వాళ్లదే ఎక్కువ. కానీ ఇప్పటికి నిబంధన అదే.

నమోదు ఎప్పుడు చేసుకోవాలి? సరుకు పంపకముందే. గొడవ వచ్చాక నమోదు చేసుకుని పాత బిల్లులకు ఈ చట్టం వర్తింపజేయమంటే కుదరదని సుప్రీంకోర్టు 2021లో, మళ్లీ 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో ధర్మాసనం వేరే అభిప్రాయం వ్యక్తం చేసి, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదించింది. ఆ చర్చ న్యాయవాదులకు వదిలేయండి. మీరు ఈ రాత్రి ఇంటికి వెళ్లి నమోదు చేసుకుంటే, రేపు పంపే సరుకు గురించి ఎవరూ ఏ చర్చా చేయలేరు. ఉద్యమ్ సంఖ్యను బిల్లు మీద, లెటర్‌హెడ్ మీద అచ్చువేయండి. మీరు సూక్ష్మ సంస్థ అని మాకు తెలియదు అనే మాటకు అక్కడే తలుపు మూసేయాలి.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని మీరు వినే ఉంటారు. 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలు. కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి, అది మీ ఆడిటర్ చూసుకుంటారు. సారం ఏమిటంటే, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ 15, 45 రోజుల గడువులో డబ్బివ్వకపోతే, కొన్నవాడు ఆ కొనుగోలును ఆ సంవత్సరం ఖర్చుగా చూపలేడు. నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే చూపుకోవాలి. మంచి ఉద్దేశంతో తెచ్చారు. జరిగిందేమిటి? కొంతమంది పెద్ద కొనుగోలుదారులు చిన్నవాళ్లను పిలిచి, మీ ఉద్యమ్ రద్దు చేసుకోండి, లేకపోతే వేరేచోట కొంటాం అన్నారు. కొందరు రద్దు చేసుకున్నారు కూడా. ఈ హాల్లో ఎంతమంది చేసుకున్నారో చేతులెత్తమని అడగను. రద్దు చేసుకోవడమంటే ఆ ఒక్క కొనుగోలుదారు ముందు కాదు, అందరి ముందూ రక్షణ వదులుకోవడం, బ్యాంకు దగ్గర సూక్ష్మ సంస్థ హోదా కూడా వదులుకోవడం. అలా అడిగినవాడికి, రద్దు చేయను కానీ 45 రోజులకు ఒప్పందం రాసుకుందాం అని ఎదురు చెప్పి చూడండి. రాసుకోకపోతే 15 రోజులే అని అతని ఆడిటరే అతనికి చెబుతాడు.

డబ్బు ఎంతకీ రాకపోతే వెళ్లాల్సిన చోటు ఫెసిలిటేషన్ కౌన్సిల్, ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే మండలి. రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేస్తుంది. 2017 అక్టోబరులో వచ్చిన సమాధాన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టేవాళ్లం. 2025 జూన్‌లో ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ కూడా ప్రారంభమైంది. దీనిలోని గొప్ప సౌలభ్యం ఏమిటంటే, కొన్నవాడు పుణేలో ఉన్నా, లూధియానాలో ఉన్నా, మీరున్న చోటి కౌన్సిల్ ముందుకే అతను రావాలి. పర్చేజ్ ఆర్డర్ వెనక చిన్న అక్షరాల్లో వివాదాలన్నీ ముంబై కోర్టులోనే అని అచ్చువేసుకున్నా సరే. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు. తీర్పు మీకు అనుకూలంగా వస్తే, దాన్ని సవాలు చేయడానికి కొన్నవాడు ఆ మొత్తంలో 75 శాతం కోర్టులో జమ చేయాలి. ఈ 75 శాతమే అసలు ఆయుధం. ఊరికే అప్పీలు వేసి ఏళ్లు సాగదీయడం కుదరదు.

కానీ నేను మీకు అందమైన అబద్ధం చెప్పను. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. 90 రోజుల్లో తేలుతుందని నమ్మకం పెట్టుకుని ఎవరూ కూతురి పెళ్లి ముహూర్తం పెట్టించుకోవద్దు. కౌన్సిల్ నెలకెన్నిసార్లు కూర్చుంటుంది, ఎన్ని దరఖాస్తులు ముందున్నాయి అన్నదాన్ని బట్టి కాలం పడుతుంది. అవార్డు, అంటే ఆ తీర్పు, వచ్చాక కూడా వాళ్లు స్వచ్ఛందంగా ఇవ్వకపోతే అమలు కోసం కోర్టుకు వెళ్లాల్సిందే. అయినా వెళ్లమనే అంటాను. ఎందుకంటే దరఖాస్తు నోటీసు అందగానే అసలు మొత్తం ఇచ్చేస్తాం, వడ్డీ వదిలేయండి అని ఫోను చేసే కంపెనీలు ఉన్నాయి. వడ్డీ వదలాలా వద్దా అన్నది మీ ఇష్టం. వదిలితే మాత్రం అసలు బ్యాంకులో పడ్డాకే ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టండి. దివాలా చట్టం కింద ట్రైబ్యునల్‌కు వెళ్తామని కొందరు అంటుంటారు. 2020 మార్చి నుంచి దానికి కనీస బాకీ కోటి రూపాయలు. మనలో ఎక్కువమందికి ఆ దారి లేదు.

చెక్కుల గురించి చెప్పకపోతే మీరు నన్ను వదలరు. చెక్కు తిరిగొచ్చింది. బ్యాంకు మెమో అందింది. అప్పటి నుంచి 30 రోజుల లోపు లీగల్ నోటీసు వెళ్లాలి. నోటీసు అతనికి అందాక 15 రోజులు ఆగాలి. ఆ 15 రోజులు ముగిశాక నెల రోజుల లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ మూడు గడువుల్లో మనవాళ్లు పోగొట్టుకునేది మొదటిదే. ఎందుకు? మెమో వచ్చిన రోజు ఫోను చేస్తే, అయ్యో సార్, వచ్చే సోమవారం కచ్చితంగా వేస్తాను అంటాడు. సోమవారం పోతుంది, మరో సోమవారం పోతుంది, నాలుగు సోమవారాలయ్యాక మీరు నా దగ్గరికి వస్తారు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల గడువు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి కొత్త మెమో తెచ్చుకోవచ్చు. అదీ దాటితే చెక్కు కేసు పెట్టే 138 సెక్షన్ దారి మూసుకుపోయినట్టే.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. మీ దగ్గర నాలుగు లక్షల చెక్కు ఉంది. ఈలోగా అతను లక్ష రూపాయలు ఫోన్‌పేలో పంపాడు. మీరు ఆ నాలుగు లక్షల చెక్కునే యథాతథంగా బ్యాంకులో వేశారు, అది తిరిగొచ్చింది. కేసు నిలుస్తుందా? నిలవదు. చెక్కు వేసిన రోజున బాకీ మూడు లక్షలే కాబట్టి ఆ చెక్కు అసలు బాకీని చూపడం లేదని 2022లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొంత ముట్టితే ఆ సంగతి చెక్కు మీద రాసి మిగతా మొత్తానికి వేయాలి, లేదా మిగతా మొత్తానికి కొత్త చెక్కు తీసుకోవాలి.

ఇదే నాణేనికి అవతలి వైపు మనం కూడా ఉన్నాం. ముడిసరుకు వ్యాపారికి మనం సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఇస్తాం కదా? ఇస్తాం. సెక్యూరిటీ కోసమే కదా అనుకుంటాం. ఇష్టపూర్వకంగా ఇచ్చిన సంతకపు చెక్కులో అంకెలు అవతలివాడు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చిందని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించాల్సింది మనం. కాబట్టి ఇచ్చేటప్పుడే చెక్కు నంబరు, ఎందుకిచ్చారో రాసిన లేఖ ఒకటి ఇచ్చి, నకలు మీద అతని సంతకం తీసుకోండి. బాకీ తీరిన రోజున చెక్కు వెనక్కి తెచ్చుకోండి. లెక్క సరిపోయింది కదా, చెక్కుదేముందిలే అనుకుని వదిలేయడం మనవాళ్లకు బాగా అలవాటు.

ఇక కాలపరిమితి. అరువు గడువు పెట్టకుండా సరుకు ఇస్తే ఇచ్చిన రోజు నుంచి, గడువు పెడితే ఆ గడువు ముగిసిన రోజు నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లూ దాటితే కోర్టు తలుపు మూసుకుంటుంది. ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఆర్బిట్రేషన్‌కు కూడా కాలపరిమితి చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లు ముగియకముందే అవతలివాడు బాకీ ఉన్నానని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు. ఫోనులో ఒప్పుకుంటే లెక్కలోకి రాదు. అందుకే మార్చి 31 దాటగానే ప్రతి ఖాతాదారుకూ ఒక బాకీ నిర్ధారణ పత్రం పంపండి. ఫలానా తేదీకి మీరు మాకు ఇంత ఇవ్వాలి, సరిచూసి సంతకం చేసి పంపండి అని. ఇది గొడవ కాగితం కాదు, పెద్ద కంపెనీలు తమ ఆడిటు కోసం మీకూ ఇలాంటిదే పంపుతాయి. ఎవరి మొహమూ మాడదు, మూడేళ్ల గడియారం మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది.

భాగస్వామ్య సంస్థలవారు ఒక్క నిమిషం వినండి. అన్నదమ్ములు కలిసి పెట్టుకున్నారు, స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకున్నారు, బ్యాంకు ఖాతా తెరిచారు, పాన్ వచ్చింది, జీఎస్‌టీ వచ్చింది. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేశారా? చేయలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం నమోదు కాని సంస్థ తన ఒప్పందపు బాకీ కోసం బయటివారి మీద దావా వేయలేదు. మినహాయింపు ఉంది: వంద రూపాయల లోపు బాకీకి వేసుకోవచ్చు. నవ్వుతున్నారు కానీ, పాతిక లక్షల బాకీ ఉన్న సంస్థ ఈ కారణంగా దావా వేయలేక ఆగిపోయినప్పుడు ఎవరికీ నవ్వు రాదు. జీఎస్‌టీ నంబరు ఉండటం, సంస్థ నమోదు కావడం ఒకటి కాదు.

ఆఖరుగా, మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇదంతా బాగుంది సార్, కానీ నోటీసిస్తే ఆర్డరు పోతుంది కదా? నిజమే, పోవచ్చు. మీ పనిలో 80 శాతం ఒకే కంపెనీదైతే దానికి నోటీసు ఇవ్వమని నేను కూడా తేలిగ్గా చెప్పను. అలాంటివారు ముందు చేయగలిగింది రెండు ఉన్నాయి. 250 కోట్లకు మించి టర్నోవరున్న కంపెనీలు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదికల్లో చేరాలని కేంద్రం నిర్దేశించింది. మీ బిల్లును కంపెనీ అక్కడ అంగీకరిస్తే బ్యాంకులు వేలంలో కొని మీకు ముందే డబ్బిస్తాయి, కంపెనీ బ్యాంకుకు కట్టుకుంటుంది. మీరు ట్రెడ్స్‌లో ఉన్నారా, మా బిల్లు ఎక్కించండి అని అడగడం నోటీసు కాదు, వ్యాపారపు మాట. రెండోది, సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటిన బాకీలు ఉన్న కంపెనీ ఆరు నెలలకోసారి ఎంఎస్‌ఎంఈ-1 అనే ఫారంలో ఆ వివరాలు కంపెనీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఏప్రిల్‌లో, అక్టోబరులో వాళ్ల కంపెనీ సెక్రటరీకి ఒక మర్యాదపూర్వకమైన లేఖ రాయండి: మా బాకీ ఇంత ఉంది, మీ ఫారంలో చేర్చుకోవడానికి వివరాలు పంపుతున్నాం అని. బెదిరింపు ఒక్క ముక్క ఉండదు అందులో. అయినా ఆ లేఖ చదివే మనిషికి అర్థమవుతుంది.

కౌన్సిల్‌కు వెళ్లడం ఆ తర్వాతి మాట. ఆ కంపెనీతో వ్యాపారం ముగిసిందని మీకే అనిపించిన రోజున వెళ్లవచ్చు, మూడేళ్ల లోపు.

ఇక ప్రశ్నలు తీసుకుంటాను. ఒక్క మనవి: చేతిలో తిరిగొచ్చిన చెక్కు మెమో ఉన్నవారు, దాని మీది తేదీ చూసుకుని, 30 రోజులు ఇంకా దాటనివారు ముందుగా రండి. మిగిలినవారు టీ తాగి రావచ్చు.